బ్యాగ్‌పైప్ రికార్డింగులు మూడు నిమిషాలు దాటి వినలేకపోతున్నాను, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: స్కాట్లాండ్ సంప్రదాయ బ్యాగ్‌పైప్ రికార్డింగులు నెల రోజులుగా వింటున్నారు. మొదటి రెండు మూడు నిమిషాలు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ తర్వాత అంతా ఒకేలా వినిపించి చెవులు హోరెత్తుతున్నాయి. పది పదిహేను నిమిషాల పెద్ద రచనలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు. పాత రికార్డింగులైతే శ్రుతి తప్పినట్టు ఉన్నాయి. లోపం రికార్డింగుదా, మీ చెవిదా అని అడిగారు.

రెండిటిదీ కాదండి. వినే వరస మారిస్తే సరిపోతుంది. ముందు డ్రోన్, అంటే వెనకాల ఆగకుండా ఒకే స్వరం పలికే గొట్టం, వినండి. తర్వాత ఒక్కటంటే ఒక్క రచన తీసుకుని, దాని మొదటి భాగం మీ నోటికి వచ్చేదాకా అదే వినండి. మిగతాది ఆ తర్వాతే. ట్యూన్ కోసం వెతుక్కుంటూ వింటే బ్యాగ్‌పైప్ అలసట తెప్పిస్తుంది. శ్రుతిలో కూర్చుని వింటే పదిహేను నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది చీరాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాను, అందులో పదకొండేళ్లుగా ఇక్కడి హైలాండ్ పైప్, అంటే స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్, నేర్చుకుంటున్నాను. పాత టేపులు వినడం, వాటిని రాసిపెట్టుకోవడం నా వారాంతాల పని. మా మేనమామ సన్నాయి మేళంలో నలభై ఏళ్లు ఒత్తు, అంటే ఆగకుండా శ్రుతి పలికే వాద్యం, ఊదారు. బ్యాగ్‌పైప్ ఎలా వినాలో నాకు అర్థమయ్యేలా చూపించింది ఆయనే. అదెలాగో ముందు చెప్పాలి.

ఒక చలికాలం ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు ఒక చిన్న హాల్లో సోలో కచేరీకి తీసుకెళ్లాను. ఆయన అంతకుముందు బ్యాగ్‌పైప్ దగ్గరగా విన్నది లేదు. పైపర్ వచ్చి, తిత్తి నింపి, అటూ ఇటూ నడుస్తూ నాలుగు స్వరాలు వాయిస్తాడు, చెయ్యి పైకెత్తి భుజం మీది గొట్టాన్ని కాస్త తిప్పుతాడు, మళ్ళీ వాయిస్తాడు. ఐదు నిమిషాలు ఇదే. నా పక్కన ఉన్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. మామయ్య మాత్రం తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని వింటున్నారు. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఒత్తు కుదిరింది, ఇక ఎత్తుకుంటాడు చూడు" అన్నారు. ఆయన నోటి మాట నోట్లో ఉండగానే పైపర్ గొట్టం మీది చెయ్యి దించి అసలు రచన మొదలుపెట్టాడు.

అప్పటికి నేను మూడేళ్లుగా నేర్చుకుంటున్నాను. నా చెవి ఎప్పుడూ ట్యూన్ వెంటే పరిగెత్తేది, డ్రోన్‌ను వెనకాల ఎక్కడో ఉండే చప్పుడుగా వదిలేసేది. ఆ రోజు నుంచి మళ్ళీ మొదటి నుంచి వినడం నేర్చుకున్నాను.

డ్రోన్‌లో ఏం వినాలి

హైలాండ్ పైప్‌కు మూడు డ్రోన్లు ఉంటాయి. రెండు టెనర్లు, ఒక బాస్. వేళ్లతో వాయించే గొట్టాన్ని చాంటర్ అంటారు. దానిలోని ఆధార స్వరాన్ని మన షడ్జమం అనుకుంటే, టెనర్ డ్రోన్లు ఆ షడ్జమానికి ఒక స్థాయి కింద, బాస్ రెండు స్థాయిలు కింద పలుకుతాయి. తంబూరాలో లాగా పంచమం తీగ వేరే లేదు, మూడూ షడ్జమమే. కానీ మూడూ సరిగ్గా కలిసినప్పుడు శ్రద్ధగా వింటే లోపల పంచమం దానంతట అదే తేలుతుంది. ఎవరూ వాయించకుండానే వినిపిస్తుంది. అది బాస్ డ్రోన్ అనుస్వరాల్లో, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాల్లో, ఉన్నదే.

మీ దగ్గరున్న రికార్డింగుల్లో ట్యూనింగ్ కత్తిరించకుండా ఉంచినది ఒకటి వెతకండి. కచేరీలో నేరుగా రికార్డు చేసినవాటిలో చాలావరకు ఉంటుంది. రెండు డ్రోన్లు దగ్గర దగ్గరగా ఉండి కలవనప్పుడు శబ్దం అలలు అలలుగా ఊగుతుంది, వావ్... వావ్... వావ్ అని. పైపర్ గొట్టం పొడవు వెంట్రుకవాసి మార్చగానే ఆ ఊపు నెమ్మదిస్తుంది, ఇంకాస్త నెమ్మదిస్తుంది, తర్వాత పూర్తిగా ఆగిపోయి శబ్దం ఒక్కసారిగా గట్టిపడుతుంది. మామయ్య పట్టుకున్నది ఆ క్షణాన్నే. ఆ ఒక్క క్షణాన్ని మీరు నాలుగైదు రికార్డింగుల్లో గుర్తుపట్టగలిగితే సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత చాంటర్ స్వరాల్లో ఏది డ్రోన్‌తో కలిసి కరిగిపోతోందో, ఏది దాని మీద గరుకుగా నిలబడుతోందో మీ చెవికే తెలుస్తుంది. పైపర్లు భావం పలికించేది ఆ కరగడంలో, ఆ గరుకులో.

తొమ్మిది స్వరాలే

చాంటర్‌లో మొత్తం తొమ్మిది స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే మంద్ర నిషాదంతో మొదలై: ని స రి గ మ ప ధ ని స. స్వరస్థానాలు దాదాపు హరికాంభోజివి, అంటే చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పియానో తరహా సమాన విభజన ఇందులో ఉండదు. డ్రోన్‌తో కలిసేలా శ్రుతి చేసిన స్వరాలివి. గాంధారం పియానో గాంధారం కంటే కాస్త కింద ఉంటుంది, మన చెవికి అది హాయిగా ఉంటుంది.

ఇంకో మాట. పాత రచనల్లో చాలావరకు తొమ్మిదింటినీ వాడవు. ఐదు స్వరాల చుట్టూనే తిరుగుతాయి. డ్రోన్‌ను షడ్జమంగా పెట్టుకుని వింటే కొన్ని స రి గ ప ధ, అంటే మోహన స్వరాలు. కొన్ని స రి మ ప ని, మధ్యమావతి స్వరాలు. కొన్ని స రి మ ప ధ, శుద్ధ సావేరి స్వరాలు. ఏ ఐదు స్వరాల మీద రచన నిలబడిందో పట్టుకుంటే, మధ్యలో ఆరో స్వరం ఒక్కసారి తగిలినప్పుడు మీకే ఒళ్ళు ఝల్లుమంటుంది. మన సంగీతం తెలిసినవారికి ఉన్న గొప్ప సౌకర్యం ఇది.

అయితే జాగ్రత్త. స్వరాలు అవే అయినా రాగాలు అవి కావు. గమకం కోసం ఎదురుచూడకండి, స్వరం ఊగదు, జారదు. నేను మొదట్లో ప్రతి రచననూ ఏదో ఒక రాగంలో పెట్టి వినేవాడిని. రాగలక్షణం కనిపించకపోయేసరికి రచన పేలవంగా ఉందనుకునేవాడిని. స్వరాల గుర్తు కోసం మాత్రమే ఆ పేర్లు వాడుకోండి.

అంతా ఒకేలా ఎందుకు వినిపిస్తోంది

తిత్తిలో గాలి ఉన్నంతసేపూ చాంటర్ ఆగదు. వీణలో తీగ వదిలేసినట్టు, సన్నాయిలో నాలుకతో ఆపినట్టు ఇక్కడ ఆపలేరు. గట్టిగా, మెల్లగా అనే తేడా కూడా లేదు. మరి ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే ఎలా? మధ్యలో ఇంకో వేలిని రెప్పపాటు ఎత్తి దించుతారు. ఆ రెప్పపాటు స్వరాన్ని గ్రేస్‌నోట్ అంటారు. మనం అక్షరాల మధ్య హల్లులు పలికినట్టు అనుకోండి. అచ్చులు పొడవుగా సాగుతుంటాయి, హల్లులు వాటిని విడగొడతాయి. మీకు మూడో నిమిషంలో హోరులా తోస్తున్నది ఈ హల్లులు చెవికి ఇంకా విడివిడిగా అందకపోవడం వల్లే.

వీటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. టూర్లువా అనే కదలిక ఉంది. స్వరం నుంచి మంద్ర నిషాదానికి దిగి, మధ్యమం మెరిసి, మళ్ళీ నిషాదం, పంచమం మెరిసి, షడ్జమంలో వాలుతుంది. ఇదంతా అర సెకను కూడా పట్టదు. దీని తర్వాతి మెట్టు క్రున్‌లువా. అది షడ్జమంలో ఆగకుండా, ధైవతం మెరిపించి పైన పంచమానికి ఎగురుతుంది. రికార్డింగును సగం వేగానికి తగ్గించి ఈ రెండిటినీ ఒకసారి వినండి. ఇప్పటి యాప్‌లలో శ్రుతి మారకుండానే వేగం తగ్గించుకోవచ్చు. ఒక్కసారి విడివిడిగా విన్న తర్వాత మామూలు వేగంలో కూడా చెవి వాటిని వదలదు.

పెద్ద రచనలు ఎలా వినాలి

వీటిని పీబ్రోహ్ అంటారు. స్కాట్లాండ్ సొంత భాషల్లో ఒకటైన గేలిక్‌లో క్యోల్ మోర్, అంటే పెద్ద సంగీతం. మార్చ్‌లు, స్ట్రాత్‌స్పేలు, రీల్‌లు లాంటి కవాతు, నాట్య బాణీలు క్యోల్ బెగ్, చిన్న సంగీతం. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది పెద్ద సంగీతమే కాబట్టి దాని మీదే ఎక్కువ రాస్తున్నాను.

పీబ్రోహ్ మొదటి భాగాన్ని ఊర్లార్ అంటారు. ఆ మాటకు అర్థం నేల. నెమ్మదిగా, తాళానికి కట్టుబడకుండా సాగుతుంది. కాలితో తాళం వేయకండి, దెబ్బ ఎక్కడ పడుతుందో వెతుక్కోకండి. పైపర్ ఏ స్వరం మీద ఎంతసేపు నిలబడుతున్నాడన్నదే ఇక్కడ ముఖ్యం. తర్వాత వేరియేషన్లు వస్తాయి. వాటిలో ఒకదాని పేరు షూల్, అంటే నడక. నేలలోని ముఖ్య స్వరాలు మాత్రమే మిగిలి, మధ్యలో చిన్న స్వరాలు చేరి, నిజంగానే అడుగులు వేస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత టూర్లువా వేరియేషన్, తర్వాత క్రున్‌లువా. ఒక్కో మెట్టులో వేళ్ల పని పెరుగుతూ పోతుంది, ట్యూన్ మాత్రం ఎముకల గూడులా అదే. చివర పైపర్ మళ్ళీ ఊర్లార్‌కు వచ్చి ఆపుతాడు. రికార్డింగుల్లో ఈ చివరి ఊర్లార్ ఒక్క వరుసతో ముగిసిపోవచ్చు.

మీరు దారి తప్పుతున్నది షూల్ దగ్గరని నా అనుమానం. నేల నోటికి రాకుండా నడకలోకి వెళ్తే అది ఉత్త వేళ్ల విన్యాసమే. నేల నోట్లో ఉంటే మాత్రం, క్రున్‌లువా ఎంత వేగంగా పోతున్నా లోపల మీరు ఊర్లార్ పాడుకుంటూనే ఉంటారు. పైపర్ కూడా లోపల అదే పాడుకుంటూ ఉంటాడు.

నేల నోటికి తెచ్చుకోవడానికి ఒక కిటుకు ఉంది. చాలా ఊర్లార్లు రెండే రెండు వాక్యాలతో కట్టినవి. ప్రైమరీ అనే తరహాలో వరస ఇలా ఉంటుంది: ఒకటి, ఒకటి, రెండు. ఒకటి, రెండు, రెండు. ఒకటి, రెండు. అంతే. అన్ని రచనలూ ఈ తరహావి కావు, కానీ మీ రచనలో మొదటి వాక్యం ఎన్నిసార్లు తిరిగొస్తోందో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ వినండి. వేరియేషన్లలో కూడా ఇదే వరస నడుస్తుంది. మా క్లాసులో కొత్తగా చేరినవారికి నేను చేయించేది ఇదే. పది నిమిషాల రచన రెండు వాక్యాలుగా కనబడేసరికి భయం పోతుంది.

దేంతో మొదలుపెట్టాలంటే, గ్లెన్‌గ్యారీ విలాపం తీసుకోండి. గ్లెన్‌గ్యారీ తెగ నాయకుడు 1828లో చనిపోయినప్పుడు ఆయన పైపర్ ఆర్చిబాల్డ్ మన్రో కట్టిన రచన. ఇక్కడ చాలామంది విద్యార్థులు నేర్చుకునే మొదటి పీబ్రోహ్ ఇదే. అందుకే రికార్డింగులు కూడా చాలా దొరుకుతాయి. ఒకే రచనను ముగ్గురు వాయించినవి పక్కపక్కన పెట్టుకుని వినండి. ఒకరు నిలబడిన చోట ఇంకొకరు నిలబడరు. ఆ తేడా మీకు తెలిసిన రోజు మీరు ఇంకెవరినీ అడగక్కర్లేదు.

పిల్లల విలాపం అని ప్రసిద్ధమైన రచన ఉంది. స్కై దీవిలో మెక్లియోడ్ నాయకుల దగ్గర తరతరాలుగా పైపర్లుగా ఉన్న మెక్రిమన్ వంశంలోని ప్యాట్రిక్ మోర్ దాన్ని కట్టాడని, ఎనిమిది మంది కొడుకుల్లో ఏడుగురు ఒకే ఏడాదిలో మశూచితో పోయిన దుఃఖంలో కట్టాడని సంప్రదాయం చెప్తుంది. అందరూ మీకు ముందు దాన్నే వినమంటారు. నేను వద్దంటాను. చాలా పొడవు, చాలా నెమ్మది. చెవి సిద్ధం కాకముందు వింటే అది మీకు అందదు, ఒకసారి విసుగుతో విన్నది మళ్ళీ కొత్తగా వినడం కష్టం. దాన్ని ఆరు నెలలు పక్కన పెట్టండి.

నోటితో వినడం

ఈ సంగీతం కాగితం మీదికి రాకముందు నోటి నుంచి నోటికి నడిచింది. హిహారిన్, హోద్రోహో లాంటి అక్షరాలతో పాడేవారు. ఒక్కో అక్షరం ఒక్కో స్వరానికి, ఒక్కో వేళ్ల కదలికకు గుర్తు. మన మృదంగం సొల్లుకట్టు లాగానే. ఆ పద్ధతిని గేలిక్‌లో కాన్‌టరహ్ అంటారు. కాలిన్ క్యాంప్‌బెల్ అనే ఆయన 1797లో ఈ అక్షరాలతోనే రచనలు రాసిపెట్టాడు. స్టాఫ్ నొటేషన్ పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, లూయిస్ దీవికి చెందిన పైపర్ డొనాల్డ్ మెక్లియోడ్ పీబ్రోహ్‌లను ఇలా పాడి, ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి, డ్రోన్లు లేని సాధన గొట్టం) మీద వాయించి రికార్డు చేసిన పాఠాలు ఉన్నాయి. ఆయన 1982లో పోయారు. ఆ పాఠాలు తర్వాత సీడీలుగా వచ్చాయి. అందులో డ్రోన్ లేదు, హోరు లేదు. ఒక మనిషి గదిలో కూర్చుని పాడుతున్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో వినిపిస్తుంది. వాక్యం ఎక్కడ ముగుస్తుందో పైప్ చెప్పలేనిది ఆ ఊపిరి చెప్తుంది. పీబ్రోహ్ విని విసిగిపోయినవారికి నేను మొదట ఇచ్చేది ఇవే. పాట విన్న తర్వాత అదే రచన పైప్ మీద వినండి.

గేలిక్ పాటలు కూడా వినండి. చాలా పీబ్రోహ్‌ల వెనక పాట ఉంది. పైపర్, గాయకుడు అలన్ మెక్‌డొనాల్డ్ ఈ సంబంధం మీద చాలా పని చేశారు. ఎడిన్‌బరాలోని స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ 1951 నుంచి ఊరూరా తిరిగి చేసిన రికార్డింగులు టోబర్ అన్ డూల్‌హస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వినొచ్చు. ముసలివాళ్ళు వంటింట్లో కూర్చుని పాడినవి, మధ్యలో గడియారం టిక్‌టిక్‌మంటూ ఉంటుంది. స్టూడియో రికార్డుల కంటే నాకు అవే ఎక్కువ నేర్పాయి.

పాత రికార్డింగుల శ్రుతి

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్తాను, మీరు చేయకుండా ఉండడానికి. కొన్నేళ్ళ కిందట ఒక పాత టేపు కాపీ నా చేతికి వచ్చింది. ఆధార స్వరం 455 హెర్ట్జ్ దగ్గర పలుకుతోంది. ఇవాళ్టి పైప్‌లు 480కి అటూ ఇటూగా ఉంటాయి. టేపు నెమ్మదిగా తిరిగిందనుకుని సాఫ్ట్‌వేర్‌లో వేగం పెంచి 480కి తెచ్చాను. నాలుగు రోజులు అలాగే విన్నాను. ఐదో రోజు టేపు మొదటి నుంచి పెట్టాను. అందులో పైపర్ వాయించే ముందు రచన పేరు గేలిక్‌లో చెప్తాడు. ఆ పెద్దాయన గొంతు సన్నబడిపోయి, మాటలు తొందరపడుతున్నాయి. అప్పుడు అర్థమైంది, టేపు సరిగ్గానే ఉంది. ఆ కాలం పైప్‌ల శ్రుతే తక్కువ.

నిజానికి 1960 ప్రాంతంలో చాంటర్లు కొలిచి చూసినవారు ఆధార స్వరం 459 దగ్గర ఉందని లెక్క చెప్పారు. అప్పటి మధ్యమం ఇప్పటిదానికంటే కాస్త పైన పలికేది. మీకు శ్రుతి తప్పినట్టు తోస్తున్నది బహుశా ఆ మధ్యమమే. అది తప్పు కాదు, అప్పటి పద్ధతి. వారం రోజులు పాతవే వినండి, చెవి అలవాటు పడుతుంది. ఆ తర్వాత కొత్తవి మరీ కీచుగా ఉన్నాయని మీరే అంటారు. ఇంకోటి, నొటేషన్‌లో ఆధార స్వరాన్ని ఏ (A) అని రాస్తారు కాబట్టి 440 హెర్ట్జ్ ఉండాలనుకుని ట్యూనర్ యాప్‌తో సరిచూడకండి. అది పలికేది బీ ఫ్లాట్‌కు పైన.

78 ఆర్‌పీఎం పాత గ్రామఫోన్ రికార్డుల విషయం వేరు. ఒక పక్క మూడు నాలుగు నిమిషాలే పడుతుంది. అందుకని పెద్ద రచనలను ఊర్లార్, ఒకటి రెండు వేరియేషన్లకు కుదించి వాయించారు. వాటిని విని రచన ఇంతే అనుకోవద్దు.

స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు

ఇయర్‌ఫోన్లు తీసేయండి, ముఖ్యంగా చెవి లోపల దూర్చేవి. ఇది కొండల్లో, ఆరుబయట వినడానికి పుట్టిన వాద్యం. శబ్దం తగ్గుతూ పెరుగుతూ ఉండదు కాబట్టి చెవికి విశ్రాంతి దొరకదు. మామూలు స్పీకర్ మీద, మాటలు వినిపించేంత శబ్దంతో, పక్క గదిలో పెట్టి వినండి. నేను ఇంట్లో అలాగే వింటాను. గోడ దాటి వచ్చేటప్పుడు పై స్వరాల పదును తగ్గి, బాస్ డ్రోన్ బాగా తెలుస్తుంది.

ఇక బ్యాండ్ రికార్డింగులు. మనలో చాలామందికి బ్యాగ్‌పైప్ అంటే గుర్తొచ్చేది బీటింగ్ రిట్రీట్‌లో మన సైనిక బ్యాండ్లే. అది ఒక ప్రపంచం, సోలో పీబ్రోహ్ వేరే ప్రపంచం. బ్యాండ్ వినాలనుంటే 1987లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన కెనడా బ్యాండ్ 78వ ఫ్రేజర్ హైలాండర్స్ అదే ఏడాది ఐర్లాండ్‌లో చేసిన కచేరీ వినండి. మార్చ్‌లు, రీల్‌లకు జాన్ బర్జెస్ సోలో వినండి. పదహారేళ్ల వయసులో, 1950లో, ఓబన్, ఇన్వర్‌నెస్ ఊళ్ళలో జరిగే పైపింగ్ పోటీల్లో రెండు చోట్లా బంగారు పతకం గెలిచినవాడు. ఆయన వేళ్లలో హల్లులన్నీ గాజు పూసల్లా విడివిడిగా వినిపిస్తాయి. డ్రోన్‌లు కలవడం అంటే ఏమిటో తెలియాలంటే పైపర్ డొనాల్డ్ మెక్‌ఫర్సన్‌ను వినండి. నా వరకు ఆయన పైప్ పలికినట్టు ఇంకెవరిదీ పలకలేదు. ఈ మాటతో మా క్లాసులో అందరూ ఒప్పుకోరు, నేను మాత్రం మార్చుకోను.

మీరు ఏ రచన, ఎవరు వాయించినది వింటున్నారో, సరిగ్గా ఎన్నో నిమిషం దగ్గర దారి తప్పుతున్నారో రాయండి. నేను కూడా అదే రికార్డింగ్ పెట్టుకుని, ఆ చోట పైపర్ వేళ్ళు ఏం చేస్తున్నాయో చెప్తాను.